అత్తగారి రెండో డబ్బా

...ఈ కామా ఇక్కడ ఉండాలా అక్కర్లేదా, రక్త విరేచనాలు కామా జ్వరం కామా కడుపునొప్పి అని వరసగా పేర్చుకుంటూ పోతే చదివేవాడికి ఊపిరాడుతుంది సరే, రోగికి ఆడదు కదా, రోగి విరామం లేకుండా పరిగెడుతుంటే మన వాక్యానికి మాత్రం ఇన్ని విరామాలెందుకు, అనుకుంటూ ప్లేట్ల సారు ఎర్ర పెన్ను మూత కొరికాడు, కొరికాక, ల్యాబులో నోట్లో ఏదీ పెట్టుకోకూడదని ఇరవై ఆరేళ్లుగా కనపడ్డవాళ్లందరికీ పాఠం చెబుతున్నది తానేనని గుర్తొచ్చి, దొంగలా అటూ ఇటూ చూసి, ఎవరూ చూడలేదని తేల్చుకుని, లేచి వెళ్లి సబ్బుతో చేతులూ, చేతులతో పాటు పెన్నూ కడిగి, మళ్లీ వచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు, బల్ల మీద తన పరిశోధన పేపరు ప్రూఫులు, పద్నాలుగు పేజీలు, ప్రతి పేజీ నెత్తిన చిన్న అక్షరాల్లో తన పేరు, అందరి పేర్లకంటే ముందు తన పేరు, ఇన్నేళ్లూ ఇతరుల పేపర్లలో ఆరో పేరుగా, ఏడో పేరుగా, ఒకసారైతే చివరాఖర్న కృతజ్ఞతల్లో, అదీ తప్పు అక్షరంతో, నిలబడ్డ పేరు ఇప్పుడు పెళ్లికొడుకులా ముందు వరసలో కూర్చుంది, పన్నెండింటిలోపు పత్రికవాళ్లకి సరే అని ఒక్క ముక్క పంపితే చాలు, అచ్చయిపోతుంది, అచ్చుకీ తనకీ మధ్య ఇక మిగిలినవి హల్లులు మాత్రమే, గోడ గడియారంలో పది దాటి పది నిమిషాలు, కిటికీలోంచి ఎండ వచ్చి మొదటి పేజీ మీద, సరిగ్గా పేరు మీద పడింది, ఎండకి కూడా ఎవరు ముఖ్యులో తెలుసు, అనుకుని సారు కాసేపు అలాగే కూర్చుని ఎండ కాగుతున్న తన పేరును కళ్లారా చూసుకున్నాడు.

విరేచనాల మీద మా ఆయన వివేచన, అంటుంది భార్య, మీవారు ఏం చేస్తారని ఎవరైనా అడిగితే, నాలుగో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పే మనిషి కాబట్టి దేన్నయినా రెండు ముక్కల్లో తేల్చేస్తుంది, ఇంట్లో ఒక్క ప్లేటులో తింటారు, ఆఫీసులో రెండు వందల ప్లేట్లు చూస్తారు, చూసినవి తినరు, తిన్నవి చూడరు, అని, ఆ ప్లేట్ల వల్లే కదా తనకి ఈ పేరొచ్చింది, అరచేతిలో పట్టే గుండ్రటి మూతపళ్లేలు, అడుగున ఎర్రటి జెల్లీ, రోగి ఇచ్చిన దాంట్లోంచి రవ్వంత తీసి ఆ జెల్లీ మీద గీసి, ఒంటి వేడంత వేడి ఉండే బీరువాలో ఒక రోజు పెడితే, ఉన్న బ్యాక్టీరియా ఉన్నట్టుగా చుక్కలు చుక్కలుగా మొలుస్తుంది, దాన్ని కల్చర్ అంటారు, కాబట్టి ఈ ఊళ్లో నాకున్నంత కల్చర్ ఇంకెవరికీ లేదని సారు చెప్పుకుంటాడు, చెప్పి ముందు తనే నవ్వుతాడు, ఎదుటివాళ్లు నవ్వకపోతే ఇంకోసారి చెబుతాడు, మూడు వానాకాలాలు ఈ కల్చర్ మీదే గడిచాయి, రెండు వందల పన్నెండు డబ్బాలు, మూతకే బుల్లి చెంచా అతికించి ఉండే తెల్ల డబ్బాలు, వానలు మొదలవగానే ఊళ్లో జనానికి రక్తం, బంక పడుతూ విరేచనాలు పట్టుకుంటాయే, అవి దేనివల్ల, షిగెల్లా అనే బ్యాక్టీరియా వల్లనా, అమీబా వల్లనా, ఇదీ ప్రశ్న, పుస్తకాలన్నీ షిగెల్లా అంటాయి, అది మహా గడుసుది, పట్టుమని పది క్రిములు ఎవరి చేతినుంచో మన నోట్లోకి పోతే చాలు, మనిషిని బాత్రూముకి అంకితం చేసేస్తుంది, షిగెల్లానా సిగ్గెల్లానా మీ పురుగు పేరు, అని మొదటి ఏడాదే భార్య అడిగితే, నీ ఇష్టం, ఎంత ముద్దుగా పిలిచినా పలకడం లేదు, అన్నాడు తను, నిజంగానే పలకలేదు, రెండు వందల పన్నెండింటిలో తొమ్మిదంటే తొమ్మిది ప్లేట్లలో మొలిచింది, నూటికి నాలుగు, అందుకని తన పేపరు ఘంటాపథంగా ఏం చెబుతుందంటే, పుస్తకాలు ఏమన్నా అననీ, ఈ ఊరి రక్త విరేచనాలకి షిగెల్లా ముఖ్య కారణం కాదు, ఇది అచ్చయితే ఊళ్లో డాక్టర్లంతా ఇక నిశ్చింతగా అమీబా మాత్రలే రాస్తారు, ఆ మాత్రలు షిగెల్లాని చీమ కుట్టినంత కూడా బాధపెట్టవు, అయితేనేం, లేని దాన్ని బాధపెట్టే పని కూడా లేదు, లేనప్పుడు, లేనప్పుడు అనే మాట దగ్గరకి వచ్చేసరికి ఎర్ర పెన్ను ఆగింది, పొద్దున్నుంచీ ఇది మూడోసారి, ఎక్కడ మొదలుపెట్టినా మనసు ఇక్కడికే వచ్చి చెప్పు తెగినట్టు ఆగుతోంది.

బీరువాలో, రెండో అరలో, ఎడమ మూల, ఒక ప్లేటు ఉంది, దానికి నంబరు లేదు, లెక్కలోకి వచ్చేది కాదు కాబట్టి మూత మీద పెన్సిలుతో అ.గా. రెండు, అని మాత్రం ఉంది, అ.గా. అంటే అత్తగారు, రెండు అంటే రెండో డబ్బా, నిన్న పదకొండింటికి పెట్టింది, ఇవాళ పదకొండింటిదాకా తెరవకూడదు, ఇరవై నాలుగ్గంటలు అంటే ఇరవై నాలుగ్గంటలే అని రూలు పెట్టింది కూడా తానే, రూళ్లు పెట్టినవాడికి ఎప్పుడూ ఇదే గతి, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినవాడిలా ప్రాణం అంతా అటే ఉంది, పది ఇరవై, పోనీ అద్దంలోంచి చూస్తే తప్పేముంది, తప్పే, కూర్చో.

మొదటి డబ్బా శనివారం నాటిది, అత్తగారు అల్లుడి ఎదుట గట్టిగా తుమ్మని మనిషి, పదిహేడేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నా ఆకలేస్తోందని చెప్పాలన్నా కూతుర్ని మధ్యవర్తిగా పెట్టుకుంటుంది, అల్లుడుగారు భోంచేస్తారేమో అడగవే, అంటుంది ఎదురుగానే తనుండగా, దానర్థం ఆవిడకి ఆకలేస్తోందని, ఈ భాష నేర్చుకోవడానికే తనకి మూడేళ్లు పట్టింది, అటువంటి మనిషి శనివారం పొద్దున్నుంచీ గదికీ బాత్రూముకీ మధ్య నేతవాడి నాడెలా తిరుగుతుంటే, అమ్మా, డబ్బాలో కాస్త ఇవ్వు, ఈయన చూస్తారు, అని కూతురు, ఛీ, అల్లుడుగారా, నేను చచ్చినా ఇవ్వనే, అని తల్లి, ఇవ్వకపోతేనే చచ్చేది, అని కూతురు, ఆ మాటలన్నీ హాల్లో కూర్చుని వినపడనట్టు నటిస్తూ పేపరు తిరగేస్తున్న తను, పేపరు తలకిందులుగా పట్టుకున్నాడని తర్వాత భార్య చెప్పింది, చివరికి ఇచ్చింది, కానీ ఎలా ఇచ్చింది, డబ్బా చుట్టూ మూడు కవర్లు, వాటి మీద రబ్బరు బ్యాండు, దాని మీద పాత క్యాలెండరు కాగితం, కాగితం మీద ఏదో పువ్వు బొమ్మ, పుట్టినరోజు కానుకలా చుట్టి గుమ్మం పక్కన పెట్టి, ఆవిడ లోపలికెళ్లి తలుపేసుకున్నాక మాత్రమే అల్లుడు దాన్ని ముట్టుకోవాలని షరతు, ల్యాబులో విప్పుతూ, ప్లేట్లలోకి జెల్లీ వండే మీడియం అక్క, ఎవరు సార్ పంపారు, లోపల లాకెట్టుందా, అంది, లోపల చూస్తే డబ్బా బంగారంలా ఉంది, గోధుమ రంగు, గట్టిగా, మర్యాదగా, ఆరోగ్య శాఖ బొమ్మల పుస్తకంలో వేసుకోదగినట్టు, ఆదివారం ప్లేటు చూస్తే అన్నీ గులాబీ చుక్కలే, పాలచక్కెర తినే మామూలు క్రిములు ఈ జెల్లీ మీద తిన్నందుకు సిగ్గుపడ్డట్టు గులాబీ రంగు తిరుగుతాయి, షిగెల్లా పాలచక్కెర తినదు, దానికి సిగ్గూ లేదు రంగూ లేదు, పాలిపోయినట్టుంటుంది, పాలిపోయిన చుక్క ఒక్కటీ లేదు, అదే మాట వీధి చివరి డాక్టరమ్మకి ఫోన్‌లో చెప్పాడు, షిగెల్లా లేదండీ, నా ప్లేటు అబద్ధం చెప్పదు, సరే అయితే అమీబాయే అయ్యుంటుంది, అని ఆవిడ మాత్రలు రాసింది, ఆదివారం మాత్రలు, సోమవారం మాత్రలు, సోమవారం సాయంత్రానికి అత్తగారు గోడ పట్టుకుని నడుస్తోంది, కళ్లు లోపలికి పోయాయి, అల్లుణ్ని చూసి తల మీదికి చెంగు లాక్కోబోతే చెయ్యి లేవలేదు, ఆ లేవని చెయ్యి ఇప్పుడు గుర్తొచ్చి సారు ఎర్ర పెన్నుకి మూత పెట్టేశాడు.

ఇక నిన్న పొద్దున్న, బ్రష్షు నోట్లో పెట్టుకుని వరండాలో నిలబడితే బాత్రూము తలుపు వెనకనుంచి తల్లీకూతుళ్ల గొంతులు, ఇదేంటమ్మా, అంతా రక్తం, బంక, మొన్న నువ్విచ్చింది ఇలా లేదు కదా, మొన్నా ఇలాగే ఉందే తల్లీ, మరి డబ్బాలో ఎందుకు లేదు, డబ్బాలో ఎందుకుంటుందే, ఆ పాడంతా నీ మొగుడి చేతికిస్తానా, కాస్త మంచిది, చూడ్డానికి బాగున్నది ఏరి ఇచ్చాను, ఏరావా, ఆ, ఏరాను, మీరిచ్చిన చెంచా చీమ చెవిలో గుబిలి తీసేంత ఉంది, దాంతో ఏరేసరికి ఇరవై నిమిషాలు పట్టింది, నడుం పడిపోయింది, అమ్మా నీకు దండం, ఇప్పుడు నువ్వు అటు తిరుగు, నేనే తీస్తా, అని కూతురు, అయ్యో వద్దే, ఆయన చూస్తారే, అని తల్లి, ఆయన చూడ్డానికేనమ్మా ఇదంతా, అని కూతురు, వరండాలో తనకి నవ్వాగక బ్రష్షు కింద పడింది, భార్య బయటికొచ్చి డబ్బా చేతికిచ్చింది, ఈసారి కవర్లు లేవు, క్యాలెండరు లేదు, పువ్వు లేదు, ఇచ్చి, నవ్వండి నవ్వండి, మీ ప్లేటు మాట విని రెండు రోజులు మా అమ్మకి ఉత్తుత్తి మాత్రలు మింగించాం, అంది, అక్కడితో నవ్వు ఆగింది, అయినా నిన్నంతా అది తమాషా కింద, ఇంటి కథ కింద, నలుగురికీ చెప్పుకుని నవ్వాల్సిన మాట కిందే మనసులో పడి ఉంది, ఏరి ఇచ్చాను, అని, నిన్న సాయంత్రం డాక్టరమ్మ ఇంటికే వచ్చి ఆ రెండో డబ్బాలో మిగిలింది కళ్లతో చూసి, మీ ప్లేటు ఎప్పుడు పలుకుతుందో నాకు తెలీదు, నేను మాత్రం మనిషిని చూసి మందిస్తా, అని మందు మార్చేసింది, ఇవాళ పొద్దున తను బయల్దేరేసరికి అత్తగారు మంచం మీద కూర్చుని బ్రెడ్డు ముక్కని టీలో ముంచుతోంది, ఆ ముంచడంలోనే ఓపిక కనపడింది, ముక్క టీలో పడిపోతే విసుక్కుంది కూడా, విసుగొచ్చిందంటే మనిషి దారికొచ్చినట్టే, ఏరి ఇచ్చాను, ఆవిడ ఒక్కతేనా.

ఆవిడ ఒక్కతేనా, అని ఎవరో పక్కనుంచి అడిగినట్టు వినపడి సారు తలెత్తాడు, ఎవరూ లేరు, అవతలి బల్ల దగ్గర మీడియం అక్క పెద్ద గాజు కుప్పెలో ఎర్ర పొడి పోసి కలుపుతోంది, పంతొమ్మిదేళ్లుగా క్రిములకి వంట చేస్తున్న మనిషి, ఆ జెల్లీనే మీడియం అంటారు, ఏ మీడియంలో చదువుకున్నావని అడిగితే చదవలేదండీ, వండాను, అంటుంది, ఆ పేరు అలా వచ్చింది, అక్కా, అన్నాడు సారు, పోయిన వానాకాలం మీ ఆయనకి వచ్చినప్పుడు డబ్బా నువ్వే తెచ్చావు కదూ, నూట నలభయ్యో నంబరు, ఆ, నేనే తెచ్చాను సార్, ఏం, ఎలా ఉందది, ఎలా ఉండడమేంటి సార్, బానే ఉంది, మరి రక్తం పడిందని ఫారంలో రాశావే, పడింది సార్, పాపం నాలుగు రోజులు పడింది, డబ్బాలో పడలేదా, అంటే ఆవిడ కలపడం ఆపింది, గాజు కడ్డీ పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉంది, డబ్బాలో ఎందుకేస్తాను సార్, ఆ డబ్బా తెరిచేది మీరు, పక్కన నిలబడేది నేను, మా ఆయన పరువేం కావాలి, రేపు మీరిద్దరూ ఎదురుపడితే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడు, అని, అని ఊరుకోకుండా, అందరూ అంతే కదా సార్, మంచిదే ఇస్తారు, పెద్దవాళ్లకిచ్చేటప్పుడు పాడైంది ఎవరిస్తారు, పండైనా అంతే, ఏదైనా అంతే, అని మళ్లీ కలపడం మొదలుపెట్టింది, క్రిములకి పంతొమ్మిదేళ్లు వంట చేసిన మనిషే, ఆ క్రిములు ఉండేది బంకలోనూ రక్తంలోనూ అని నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషే, తన మొగుడి దగ్గరికొచ్చేసరికి మంచిది ఏరి తెచ్చింది.

పది నలభై, అప్పుడు సారు అలమారలోంచి రిజిస్టరు తీశాడు, అట్ట మీద మూడు వానాకాలాల టీ మరకలు, ఆ తొమ్మిది ఎవరు, ఆ మొలిచిన తొమ్మిది ప్లేట్లు ఎవరివి, వేలు పెట్టి కిందికి దిగాడు, పదిహేడో నంబరు, తొమ్మిది నెలల పాప, ముప్ఫై మూడు, ఏడాది బాబు, అరవై ఒకటి, పాప, తొమ్మిదిమందీ రెండేళ్ల లోపువాళ్లే, ఇది తెలిసిందే, దీని మీద తొమ్మిదో పేజీలో ఒక పేరా ఉంది, పసివాళ్ల పేగుల గోడలు లేతవి కాబట్టి షిగెల్లాకి వాళ్లే సులువుగా దొరుకుతారు అని, ఎంత చక్కటి పేరా అది, రాసిన రోజు సాయంత్రం భార్యకి రెండుసార్లు చదివి వినిపించాడు, ఆవిడ పిల్లల లెక్కల పుస్తకాలు దిద్దుకుంటూ, లేత పేగులా, బాగుంది, ఇంకాస్త చారు పోసుకోండి, అన్నట్టు ఏదో అంది, ఇప్పుడు వేలు పక్క గడిలోకి జరిగింది, మూడేళ్లుగా ఎవరూ చూడని గడి, నమూనా ఎలా వచ్చింది అనే గడి, డైపరు, డైపరు, డైపరు, తొమ్మిదికి తొమ్మిదీ డైపరు, మడత పెట్టి, అమాంతంగా, ఉన్నది ఉన్నట్టు తల్లులు తెచ్చి ఇచ్చేసినవి, చెంచా లేదు, ఏరడం లేదు, పసివాడి పరువు గురించి ఎవరికీ బెంగ లేదు, మొత్తం మీద డైపర్లు ఎన్ని వచ్చాయని వెతికితే పదకొండు, పదకొండింట్లో తొమ్మిది మొలిచాయి, మిగిలిన రెండు వందల ఒక్క డబ్బాల్లో, ఏరిన డబ్బాల్లో, సున్నా, లేత పేగులు కాదురా నాయనా, లేత సిగ్గు, ఇంకా మొలవని సిగ్గు, మనుషుల కల్చరు అడ్డం పడి తన కల్చరు మొలవలేదు, సారు కుర్చీలో వెనక్కి వాలాడు, వింతేమిటంటే గుండె బేజారు కావాల్సింది పోయి లోపల ఎక్కడో కిటికీ తెరిచినట్టుంది, మూడేళ్ల పని మునిగిపోతుంటే ఒడ్డున కూర్చుని కాళ్లు ఊపుకుంటున్నట్టుంది, ఇదేం మనిషిని రా నేను.

పదకొండు, బీరువా తలుపు తీశాడు, వెచ్చటి గాలి మొహానికి తగిలింది, రెండో అర, ఎడమ మూల, అ.గా. రెండు, మూత తిప్పి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు, ఎర్ర జెల్లీ మీద అక్కడక్కడా నాలుగు గులాబీ చుక్కలు, వాటి చుట్టూ, వాటి మధ్య, గీత పొడుగునా, వందలు, పాలిపోయిన, రంగూ రుచీ లేని, తడి మెరుపు చుక్కలు, ఒక మూల ముగ్గు చెదిరినట్టు దట్టంగా, అక్కా, అని ఒక్క కేక పెట్టాడు, ఏమైంది సార్, అని ఆవిడ పరిగెత్తుకొచ్చింది, చూసింది, అమ్మో, మూడేళ్లలో ఇంత పంట చూడలేదు, ఎవరిది సార్, మా అత్తగారిది, అన్నాడు, ఏదో బంగారు పతకం గెలిచినదాన్ని గురించి చెప్పినంత గర్వంగా, అక్క గాజు పలక మీద ఒక చుక్కని రుద్ది, షిగెల్లాని పట్టిచ్చే సీరం బొట్టు వేసి, పలకని అటూ ఇటూ ఊపింది, ఒకటి, రెండు, మూడు, నిమిషం కూడా పట్టలేదు, పాలు విరిగినట్టు తెల్లటి పలుకులు పలుకులుగా గడ్డకట్టింది, పలికింది, మూడేళ్లు ముద్దుగా పిలిచినా పలకనిది అత్తగారి సిగ్గు తప్పుకోగానే పలికింది, పక్కా చేసుకోవడానికి ఇంకో రెండు పరీక్షలు, ఇంకో రోజు, అది రూలు, కానీ సారు చేతులకి తెలిసిపోయింది, అక్క పలక కింద పెట్టకుండానే, నెమ్మదిగా, అయితే మా ఆయనకి కూడా ఇదే అయ్యుంటుందా సార్, నాలుగు రోజులు అమీబా మాత్రలే వేశాం, అంది, అయ్యుంటుందక్కా, అన్నాడు, మిగతావాళ్లకీ అయ్యుండొచ్చు, అందరికీ కాకపోవచ్చు, ఎందరికో ఇప్పుడు చెప్పలేం, అదే కదా ఇక కనుక్కోవాల్సింది, అంటూ ప్లేటుని మళ్లీ బీరువాలో పెట్టాడు, ఆవిడ పలకని క్రిమిసంహారకం తొట్టిలో వేసి, చేతులు కడుక్కుని, ఇంటికెళ్లి ఆయన్ని తిడతా సార్, నాకేమో ఏరమని చెప్పింది ఆయనే, అంది.

పదకొండుంపావు, బల్ల మీద ప్రూఫులు అలాగే ఉన్నాయి, ఎండ మాత్రం పేరు మీదనుంచి జరిగి పోయింది, ప్రూఫులు ఇన్ని ఉన్నాయి, రుజువు మాత్రం బీరువాలో ఉంది, పన్నెండు గంటలకి సరే అని పంపవచ్చు, పంపితే ఎవరడుగుతారు, ఆ ప్లేటుకి నంబరు కూడా లేదు, లెక్కలోది కాదు, అత్తగారి కడుపు అత్తగారిది, పేపరు పేపరుది, అనుకుంటూనే చెయ్యి కంప్యూటరులో పాత ఫైళ్లు వెతుకుతోంది, మొదటి ప్రతిలో ఒక పట్టిక ఉండేది కదా, ఎనిమిదో పేజీలో, తర్వాత తీసేసింది, ఉంది, ఇదిగో, రెండే వరసలు, రక్తం పడిందని ఫారంలో రాసినవాళ్లు నూట ఎనభై ఏడుగురు, డబ్బాలో మనకి రక్తం కనపడ్డవి పదకొండు, అంతే పట్టిక, రెండు అంకెలు ఒకదానికొకటి మొహం తిప్పుకుని కూర్చున్నాయి, ల్యాబు డైరెక్టరుగారు చూసి, ఇదేంటయ్యా, ఇది చూస్తే మనకి డబ్బాలు పట్టడం కూడా రాదనుకుంటారు, తీసెయ్, పేపరు చూడ్డానికి నీటుగా ఉండాలి, అన్నారు, తను తీసేశాడు, బాధపడుతూ కాదు, హాయిగా తీసేశాడు, ఎందుకంటే ఆ పట్టిక తనకీ నచ్చలేదు, ఎంత రాసినా దాని పక్కన వాక్యాలు నిలబడేవి కావు, ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి ఏదో వాసన, పట్టిక తీసేశాక పేపరంతా సబ్బు పెట్టి కడిగినట్టయింది, పేరాలు తిన్నగా, అంకెలు మర్యాదగా, బంగారంలా, గోధుమ రంగులో, అనుకుని సారు చటుక్కున ఆగాడు, పద్నాలుగు పేజీలని ఒకదాని మీద ఒకటి సర్ది, అంచులు కలిపి, క్లిప్పు పెట్టి ఉంచాడు కదా పొద్దున్నే, ఆ క్లిప్పు వంక చూశాడు, అత్తగారి రబ్బరు బ్యాండు.

పత్రికవాళ్లకి ఉత్తరం మూడు వాక్యాలు పట్టింది, దయచేసి ఆపండి, మా నమూనాల సేకరణలో లోపం ఉందని ఇవాళే తెలిసింది, వివరాలతో మళ్లీ రాస్తాను, కామాలు సరిచూడకుండానే పంపేశాడు, పంపిన మీట మీదనుంచి వేలు తియ్యక ముందే డైరెక్టరుగారి ఫోను, ఏమయ్యా, పంపేశావా, పంపేశానండీ, శభాష్, ఇంకేం, సాయంత్రం స్వీట్లు తెప్పిస్తున్నా, అది కాదండీ, ఆపమని పంపాను, అటువైపు నుంచి పెద్ద గొంతు, నీకేమన్నా మతిపోయిందా, మూడేళ్లు, రెండు వందల డబ్బాలు, అంటుంటే సారు చెప్పాడు, అత్తగారితో మొదలుపెట్టి, మీడియం అక్క మొగుడి పరువు మీదుగా, డైపర్ల దాకా, మధ్యలో డైరెక్టరుగారు ఒకసారి నవ్వారు, ఒకసారి ఛఛ అన్నారు, చివర్న చిన్న గొంతుతో, ఆ పట్టిక తీసెయ్యమన్నది నేనే కదయ్యా, అన్నారు, తీసింది నేనండీ, అన్నాడు సారు, సరే, సరే, పోయినేడు నాకొచ్చినప్పుడు కూడా, అని ఆగి, దగ్గి, సరే అది వదిలెయ్, వచ్చే వానాకాలం మళ్లీ మొదలుపెడదాం, దూది పుల్లతో మనమే తీద్దాం, మొత్తం తెమ్మందాం, స్వీట్లు మాత్రం చెప్పేశాను కాబట్టి వస్తాయి, తిందాం, అని పెట్టేశారు.

ఫోను పెట్టాక వెంటనే మళ్లీ మోగింది, ఇల్లు, భార్య ఇంకా బడిలో ఉండాలి కదా, ఎత్తితే అటువైపు ఊపిరి, ఊపిరి తర్వాత గొంతు సవరింపు, అల్లుడుగారూ, అంది అత్తగారు, పదిహేడేళ్లలో ఆవిడ తనకి ఫోను చేయడం ఇదే మొదలు, అమ్మాయి బడికెళ్లింది, అంది, అవునండీ అత్తయ్యా, చెప్పండి, అన్నాడు, మళ్లీ కాసేపు ఏమీ లేదు, ఆ లేకపోవడంలో మధ్యవర్తి కోసం ఇల్లంతా వెతుక్కుంటున్న చప్పుడు వినపడింది, తర్వాత ఒక్క గుక్కలో, నాకు ఆకలేస్తోంది, ఆ జావలో ఉప్పు లేదు, మధ్యాహ్నం వచ్చేటప్పుడు ఏమన్నా తెస్తారా, అంది, తెస్తానండీ, అన్నాడు, అది సరే గానీ, అది మొలిచిందా, అని అడిగింది ఆవిడ, మొలిచింది అత్తయ్యా, ఊళ్లో ఎవరికీ మొలవనంతగా మొలిచింది, అయ్యో రామా, నా పేరు మాత్రం వెయ్యకండి, అంది, అని ఫోను పెట్టేసింది, పెట్టే ముందు నవ్వినట్టే వినపడింది.

డబ్బాలతో పాటు జనానికిచ్చే కాగితం ఒకటి ఉంది, మూడేళ్ల కిందట తనే రాశాడు, డబ్బా ఎలా పట్టుకోవాలి, మూత ఎలా బిగించాలి, ఎన్ని గంటల్లో తేవాలి, అన్నీ ఉన్నాయి, ఏం ఇవ్వాలో మాత్రం లేదు, అది అందరికీ తెలుసనుకున్నాడు, దాని కింద ఎర్ర పెన్నుతో కొత్త వాక్యం మొదలుపెట్టాడు, ఏది చూపించడానికి మీకు సిగ్గనిపిస్తుందో, అని రాసి, కామా పెట్టాలా వద్దా అని పెన్ను మూత నోటి దాకా తెచ్చుకుని, ఈసారి కొరక్కుండా ఆగి, పట్టిక వైపు చూశాడు, నూట ఎనభై ఏడు, పదకొండు, ఎంత వికారంగా ఉన్నాయి, ఎంత నిజంగా ఉన్నాయి, అత్తగారు నడుం పడిపోయేలా ఇరవై నిమిషాలు ఏరింది, అల్లుడి మీద గౌరవంతో, అక్క మొగుడి పరువు కోసం ఏరింది, డైరెక్టరుగారు కూడా ఏరారని ఆ దగ్గు చెప్పింది, ఊరు ఊరంతా వంగి కూర్చుని బుల్లి చెంచాలతో తనకి ఇవ్వదగ్గది ఏరి ఇచ్చింది, తను ఆ మంచితనాన్నంతా ప్లేట్ల మీద పూసి, జబ్బు లేదని లెక్క రాసి, ఆ లెక్కలోంచి మళ్లీ మంచిది ఏరి, పద్నాలుగు పేజీల డబ్బాలో పెట్టి, తన పేరు మూత బిగించి పంపబోయాడు, ఎవరో పెద్దవాళ్లు తెరిచి చూస్తారని, అంతే కదా, అందరికంటే ఎక్కువసేపు ఏరింది తనే, మూడేళ్లు.